పర్మిట్ అక్కర్లేని రాష్ట్రాల మీదుగా సొంత పిస్టల్‌తో కారు ప్రయాణం: బయటి రాష్ట్రం వారికి చట్టం ఏమి చెబుతుంది?

పెన్నా_తీరం:

అందరికీ నమస్కారం. నేను అట్లాంటా దగ్గర 11 ఏళ్లుగా ఉంటున్నాను. గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లయింది. నిరుడు ఒక పిస్టల్ కొనుక్కుని, దాన్ని వెంట ఉంచుకోవడానికి జార్జియా ఇచ్చే లైసెన్సు (పర్మిట్) కూడా తీసుకున్నాను. వచ్చే నెల మా అమ్మానాన్నలను, మా బావమరిదిని వెంటబెట్టుకుని కారులో టెక్సస్ వెళ్తున్నాము. మోంట్‌గోమరీ, మొబీల్ మీదుగా న్యూ ఆర్లీన్స్ చేరి, ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఒక రాత్రి ఉండి, మర్నాడు హ్యూస్టన్ పక్కన పియర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకుని, అక్కడి నుంచి ఫ్రిస్కోలోని మా తోడల్లుడి ఇంటికి చేరాలన్నది ఆలోచన.

దారిలో వచ్చే జార్జియా, అలబామా, మిసిసిపీ, లూసియానా, టెక్సస్ ఐదింటిలోనూ ఇప్పుడు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చని చదివాను. అలాంటప్పుడు తూటాలు నింపిన పిస్టల్‌ను గ్లోవ్ బాక్సులో పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోవచ్చా, లేక రాష్ట్రం మారినప్పుడల్లా తెలుసుకోవలసిన నియమాలు వేరే ఉన్నాయా? అమ్మానాన్నలు బీ-2 (సందర్శకుల) వీసా మీద వచ్చారు. బావమరిది హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నాడు. డ్రైవింగ్ నేనూ అతనూ వంతులవారీగా చేస్తాము.

ఓరుగల్లు_మిత్ర:

పెన్నా_తీరం గారూ, నేను ప్లేనోలో 18 ఏళ్లుగా ఉంటున్న అమెరికా పౌరుడిని కాబట్టి టెక్సస్ వరకు చెప్పగలను. ఇక్కడ 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం తుపాకీ కలిగి ఉండడానికి అనర్హత లేనివారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. బయటి రాష్ట్రం వారికి కూడా ఇది వర్తిస్తుంది. అయితే గత ఐదేళ్లలో దాడి, బెదిరింపు వంటి కొన్ని నేరాలు రుజువైనవారికి ఈ వెసులుబాటు లేదు. మద్యం మత్తులో ఉన్నవారికీ లేదు. పిస్టల్ పైకి కనిపించేలా ఉంటే అది హోల్‌స్టర్‌లోనే ఉండాలి, కారులో ఉన్నా అంతే.

ఇక్కడ చూసి నేర్చుకోవలసినవి గుమ్మాల మీది బోర్డులు. 30.05 అనే అంకెతో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, అంగుళానికి తగ్గని అక్షరాలతో రాసిన బోర్డు ఉంటే లైసెన్సు లేనివారు తుపాకీతో లోపలికి రాకూడదని అర్థం. 30.06 లైసెన్సు ఉన్నవారు దాచి తీసుకురావడాన్ని, 30.07 వారే పైకి కనిపించేలా తీసుకురావడాన్ని నిషేధిస్తాయి. బోర్డు చూసుకోకుండా లోపలికి వెళ్తే 200 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. వెళ్లిపొమ్మని నోటితో చెప్పిన తరువాత కూడా కదలకపోతే అదే ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా పడగల నేరమవుతుంది. ఎర్రని 51% బోర్డు మాత్రం వేరు. ఆదాయంలో సగానికి పైగా అక్కడే కూర్చుని తాగే మద్యం మీద వచ్చే చోట ఆ బోర్డు పెడతారు, దాన్ని దాటి తుపాకీతో లోపలికి వెళ్లడం ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. బడులు, కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, విమానాశ్రయంలో తనిఖీ దాటిన భాగం వంటివి బోర్డు ఉన్నా లేకున్నా నిషిద్ధ స్థలాలే.

గుడి సంగతి అడగలేదు గానీ చెప్తాను. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో ప్రార్థనా స్థలాలు తమంతట తాముగా నిషిద్ధ స్థలాలు కావు. నిర్వాహకులు బోర్డు పెట్టినా, నోటితో చెప్పినా నిషేధమే. చట్టం ఏమన్నా, దర్శనానికి వెళ్లేటప్పుడు నేను మాత్రం నా పిస్టల్‌ను ఇంట్లోనే ఉంచి వెళ్తాను.

మీ ప్రయాణానికి ఇబ్బందేమీ ఉండదనే నా అభిప్రాయం.

శారద_హ్యూస్టన్:

ఓరుగల్లు_మిత్ర గారు టెక్సస్ గురించి చెప్పినదంతా సరిగానే ఉంది. నేను హ్యూస్టన్‌లో వలస కేసులు చూసే ఒక న్యాయవాది కార్యాలయంలో పనిచేస్తున్నాను, న్యాయవాదిని కాను. అయినా, మీ ప్రయాణానికి ఇబ్బంది ఉండదన్న మాటతో ఏకీభవించలేను. ఇక్కడ ముందుగా అడగవలసిన ప్రశ్న ఏ రాష్ట్రం అని కాదు, కారులో ఎవరెవరు ఉన్నారు అని.

పర్మిట్ అక్కర్లేదని రాష్ట్రం చట్టం చేసినప్పుడు, ఆ రాష్ట్రం తాను అడిగే కాగితాన్ని మాత్రమే మానుకుంది. తుపాకీ ఎవరి దగ్గర ఉండకూడదో చెప్పే ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం, అలాగే ఉంది. దాని ప్రకారం వలసేతర వీసా మీద దేశంలోకి వచ్చిన వ్యక్తి, అంటే బీ-2, ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1 వంటి వీసాల మీద ఉన్నవారు, తుపాకీని గానీ ఒక్క తూటాను గానీ తమ స్వాధీనంలో ఉంచుకోకూడదు. 2022లో చట్టాన్ని సవరించిన తరువాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిలో మనవాళ్లకు ఉపయోగపడేది వేట లైసెన్సు ఒక్కటే. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ నిషేధం లేదు కాబట్టి మీ వరకు చిక్కు లేదు.

స్వాధీనం అంటే చేతిలో పట్టుకోవడం ఒక్కటే కాదు. అక్కడ తుపాకీ ఉందని తెలిసి, కావాలంటే దాన్ని తీసుకుని తన అదుపులో ఉంచుకోగల స్థితిలో, ఆ ఉద్దేశంతో ఉన్నా స్వాధీనంగానే పరిగణించే అవకాశం ఉంది. ఇప్పుడు మీ ప్రయాణంలో ఒక ఘడియను ఊహించండి. మొబీల్ దాటాక గ్యాస్ స్టేషన్‌లో ఆగారు, మీరు కాఫీ కోసం లోపలికి వెళ్లారు. బావమరిది స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు, తాళం చెవి అతని దగ్గరే ఉంది, మోకాలికి జానెడు దూరంలో గ్లోవ్ బాక్సు, అందులో తూటాలు నింపిన పిస్టల్. అది అక్కడ ఉందని అతనికి తెలుసు. అప్పుడే ఒక పోలీసు అధికారి వచ్చి కిటికీ తడితే అతను చెప్పుకోవలసిన సమాధానం ఏమిటి? కేసు నిలబడకపోవచ్చు. కానీ అరెస్టయితే, ఆ మాట తరువాతి ప్రతి వీసా దరఖాస్తులోనూ రాయవలసి వస్తుంది.

కొల్లేటి_కొంగ:

శారద గారూ, మీరు రాసింది చదివి భయం వేసింది. నేను డాలస్‌లో హెచ్-1బీ మీద పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం మా టీమ్ వాళ్లు ఒక షూటింగ్ రేంజికి తీసుకువెళ్లారు. కౌంటరులో డ్రైవింగ్ లైసెన్సు చూశారు, ఒక పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు, కళ్లద్దాలూ చెవులకు రక్షణ పరికరమూ ఇచ్చారు. వీసా గురించి ఎవరూ ఏమీ అడగలేదు. రాష్ట్రంలో పర్మిట్టే అక్కర్లేనప్పుడు రేంజిలో అద్దెకు తీసుకున్న తుపాకీ పేల్చడం కూడా తప్పేనా?

శారద_హ్యూస్టన్:

కొల్లేటి_కొంగ గారూ, సంతకం పెట్టిన ఆ పత్రాన్ని మళ్లీ చదివే వీలుంటే చదవండి. తుపాకీ కలిగి ఉండడానికి చట్టపరమైన అనర్హత నాకు లేదు అన్న వాక్యం అలాంటి పత్రాల్లో తరచుగా ఉంటుంది. కౌంటరులో అడగకపోయినంత మాత్రాన నిషేధం తొలగిపోదు. రేంజిలో చేతికి తీసుకున్న తుపాకీ, ఆ కాసేపటికైనా, చేతిలో ఉన్నట్టే లెక్క.

అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు ఇలాగే మొదలైంది. ఎఫ్-1 వీసా మీద ఫ్లారిడాలో చదువుకోవడానికి వచ్చిన విద్యార్థిని, మార్కులు సరిగా రాక, విశ్వవిద్యాలయం తొలగించింది. అతను తిరిగి వెళ్లలేదు, ఆ తరువాత ఒకరోజు రేంజికి వెళ్లి రెండు తుపాకులు పేల్చాడు. కింది కోర్టు 18 నెలల జైలుశిక్ష వేసింది. 2019 జూన్‌లో సుప్రీంకోర్టు, తన హోదా చెల్లకుండా పోయిందని నిందితుడికి తెలుసునని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని చెప్పి ఆ తీర్పును వెనక్కి పంపింది. అంతే తప్ప, రేంజిలో తుపాకీ పేల్చడం స్వాధీనం కిందకు రాదని చెప్పలేదు.

ఇష్టమున్నవారికి చట్టబద్ధమైన దారి ఒకటి ఉంది. అమెరికాలో ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు దగ్గర ఉంటే వలసేతర వీసాదారులకు ఈ నిషేధం వర్తించదు. అది ఉంది కదా అని తేలికగా తీసుకోకండి. వీసా హోదా చెల్లుబాటులో లేనివారికి ఆ మినహాయింపు అందదు. ఉద్యోగం పోయి, 60 రోజుల గడువు దాటిపోయినా దేశంలోనే ఉన్న హెచ్-1బీ మిత్రుడి జేబులో వేట లైసెన్సు ఉన్నా, చట్టం దృష్టిలో అది అతన్ని కాపాడదు. మన పిల్లల్లో ఎంతమంది ఆ అంచున బతుకుతున్నారో మీ అందరికీ తెలుసు.

ఇంకొక మాట, ఇది చట్టానికి సంబంధించినది కాదు. 2024 నవంబరులో జార్జియాలో చదువుకుంటున్న తెలంగాణ అబ్బాయి ఒకడు, వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా పొరపాటున పేలి ప్రాణాలు కోల్పోయాడు. లైసెన్సు సంపాదించడం ఎంత సులువో తెలుసుకున్న ప్రతి ఒక్కరూ, తుపాకీని విప్పడం, ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం శిక్షకుడి దగ్గర నేర్చుకున్న తరువాతే దాన్ని ముట్టుకోవాలని నా ప్రార్థన.

పెన్నా_తీరం:

శారద గారికి కృతజ్ఞతలు. బావమరిది విషయం నాకు తట్టనే లేదు. అలాగైతే నా పిస్టల్ అట్లాంటాలోనే వదిలేసి వస్తాను. ఫ్రిస్కోలో ఉన్న రెండు వారాలూ మా తోడల్లుడు తన పిస్టల్‌ను నాకు ఇస్తానంటున్నాడు. అతను పౌరుడు, నాకు గ్రీన్ కార్డు ఉంది, టెక్సస్‌లో పర్మిట్ అక్కర్లేదు. ఇందులోనైనా అభ్యంతరం ఉండదనుకుంటాను.

ఓరుగల్లు_మిత్ర:

ఇది నేను కూడా ఒకసారి చేయబోయి ఆగిన పని కాబట్టి చెప్తున్నాను. వేరే రాష్ట్రంలో నివసించేవారికి తుపాకీని అమ్మడం, ఇవ్వడం, చేతులు మార్చడం మామూలు వ్యక్తులకు ఫెడరల్ చట్టం నిషేధించింది. క్రీడా అవసరాల కోసం తాత్కాలికంగా అరువు ఇవ్వడానికి మాత్రం మినహాయింపు ఉంది. ఇద్దరూ కలిసి వేటకు వెళ్లినప్పుడో, రేంజిలో సాధన చేసేటప్పుడో ఇవ్వడం ఆ మినహాయింపు కిందకు వస్తుంది. ఆత్మరక్షణ కోసం రెండు వారాలు నడుముకు కట్టుకుని తిరగమని ఇవ్వడం ఆ మాటల్లో లేదు. చిక్కు మీకు మాత్రమే కాదు, ఇచ్చినందుకు మీ తోడల్లుడికీ ఉంటుంది. మీ బావమరిదికి గానీ మీ నాన్నగారికి గానీ ఒకసారి చూడండి అని చేతికిస్తే, వీసా సంగతి తెలిసి ఇచ్చినందుకు ఇచ్చినవారి మీద కూడా నేరం మోపే వీలుంది.

శారద గారు చెప్పిన తరువాత నా మొదటి సమాధానంలో తొందరపడ్డానని గ్రహించాను. నేను బోర్డుల గురించి చెప్పాను గానీ, కారులో ఎవరున్నారో మీరు స్పష్టంగా రాసినా దాని మీద దృష్టి పెట్టలేదు.

బోగ్_లంక:

నేను బ్యాటన్ రూజ్‌లో ఐదేళ్లు ఉండి వచ్చాను. లూసియానా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి, మీ దారిలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన చోటు అదేనని చెప్పాలి.

అక్కడ 2024 జులై 4 నుంచి 18 ఏళ్లు నిండినవారు పర్మిట్ లేకుండా పిస్టల్ దాచి వెంట ఉంచుకోవచ్చు. జార్జియాలో, టెక్సస్‌లో చట్టం రాసిన వయసు 21. అంటే పర్మిట్ అక్కర్లేదన్న ఒకే మాట కింద ఒక్కో రాష్ట్రం ఒక్కో చట్టం రాసుకుంది. న్యూ ఆర్లీన్స్ విషయానికి వస్తే, బడికి 1,000 అడుగుల లోపల పర్మిట్ లేనివారు తుపాకీతో తిరగకూడదని 2024లో లూసియానా చట్టంలో ఉండేది, ఇప్పుడు ఎలా ఉందో బయల్దేరే ముందు చూసుకోండి. దాన్ని ఆధారం చేసుకుని నగర పోలీసు శాఖ 2024లోనే ఫ్రెంచ్ క్వార్టర్‌లోని తమ స్టేషన్‌ను వృత్తి శిక్షణ కేంద్రంగా గుర్తించింది. దాంతో ఆ చుట్టుపక్కల 1,000 అడుగుల మేర, అంటే పర్యాటకులు తిరిగే వీధుల్లో పెద్ద భాగం, బడి పరిధి కిందకు వచ్చింది. పటంలో చూస్తే అక్కడ బడి కనిపించదు. రాష్ట్రమంతా స్వేచ్ఛగా తీసుకువెళ్లవచ్చని చదువుకుని వచ్చిన పర్యాటకుడికి ఆ వీధి మొదట్లో ఈ సంగతి ఎలా తెలుస్తుంది? మద్యం అమ్మే బార్లలో నిషేధం ఎలాగూ ఉంది, ఆ పేటలో ప్రతి రెండో గుమ్మం బారే.

బడి పరిధి గురించి ఫెడరల్ చట్టం కూడా ఒకటి ఉంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో బడికి పిస్టల్ తెచ్చిన ఒక విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు 1995లో దాన్ని కొట్టివేసింది. మరుసటి ఏడాది కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, దాన్ని సవరించి మళ్లీ తెచ్చింది. బడి ప్రాంగణానికి 1,000 అడుగుల లోపల తుపాకీ ఉంటే ఐదేళ్ల వరకు శిక్ష. ఆ బడి ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంటుంది. మీ జార్జియా లైసెన్సు జార్జియా బడుల దగ్గర మాత్రమే ఈ చట్టం నుంచి కాపాడుతుంది. పర్మిట్ అక్కర్లేదన్న రాష్ట్ర చట్టం అసలు కాపాడదు, ఎందుకంటే అక్కడ లైసెన్సు అనేదే ఇవ్వలేదు. ఊళ్ల మీదుగా వెళ్లే హైవే ఎన్ని బడుల పక్కన నడుస్తుందో లెక్కపెట్టుకుంటూ ఎవరూ కారు నడపరు. టెక్సస్ తన లైసెన్సును ఇప్పటికీ ఇస్తూనే ఉండడానికి, బయటి రాష్ట్రం వారు కూడా 40 డాలర్లు కట్టి తీసుకోవడానికి ఇది ఒక కారణం.

ఎడిసన్_వాసి:

మీ దారి దక్షిణం వైపు కాబట్టి సరిపోయింది. ఉత్తరానికి వచ్చేవారు దీన్ని చదువుతూ ఉంటే వారికి ఒక హెచ్చరిక. ఇప్పటికి 29 రాష్ట్రాలు పర్మిట్ అవసరాన్ని తీసేశాయి, మా న్యూజెర్సీ వాటిలో లేదు. 2013లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఒక తల్లి, కారులో పిస్టల్ ఉందనీ, పెన్సిల్వేనియా పర్మిట్ ఉందనీ తానే పోలీసులకు చెప్పింది. ఇక్కడ ఆ పర్మిట్ చెల్లదని ఆమెకు అప్పుడే తెలిసింది. అరెస్టయి, సంవత్సరాల జైలుశిక్ష పడే పరిస్థితి వచ్చి, చివరికి 2015లో గవర్నరు క్షమాభిక్షతో బయటపడింది. మధ్యలో ఇలాంటి రాష్ట్రం వచ్చే ప్రయాణాలకు 1986 నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయల్దేరిన చోటా చేరవలసిన చోటా తుపాకీ చట్టబద్ధమై ఉండాలి. తూటాలు తీసేసి, కూర్చునేవారికి అందకుండా డిక్కీలో ఉంచాలి. డిక్కీ విడిగా లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, గ్లోవ్ బాక్సు ఆ లెక్కలోకి రాదు. కానీ దారిలో సాగిపోతున్నవారి కోసం రాసిన చట్టం అది, మధ్యలో వారం రోజులు బంధువుల ఇంట్లో ఆగితే దాని మీద ఆధారపడకూడదు.

గోదారి_గట్టు:

విమానంలో వెళ్లేవారికి ఒక మాట. తూటాలు తీసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ కౌంటరులో చెప్పి లగేజీలో పంపవచ్చు. చేతి సంచిలో మరచిపోతే మాత్రం క్షమించరు. 2023 ఒక్క ఏడాదిలోనే తనిఖీ కేంద్రాల్లో 6,737 తుపాకులు పట్టుబడ్డాయి. అట్లాంటా, డాలస్, హ్యూస్టన్ విమానాశ్రయాల్లోనే ఎక్కువగా దొరుకుతున్నాయి.

తుపాకీయే కానక్కర్లేదు. నేను గ్రీన్ కార్డు వచ్చాక స్నేహితులతో రేంజికి వెళ్లినప్పుడు, మిగిలిన ఒక తూటా జాకెట్ లోపలి జేబులో ఉండిపోయింది. చిటికెన వేలి గోరంత వస్తువు. ఏడు నెలల తరువాత అదే జాకెట్ వేసుకుని అమ్మను చూడడానికి ఊరు వెళ్లాను. మన దేశంలో మరో విమానం ఎక్కే చోట స్కానరులో అది కనిపించింది. ఆయుధాల చట్టం కింద కేసు రాశారు. విమానం పోయింది, ఆ రాత్రి పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చున్నాను, పాస్‌పోర్టు తిరిగి చేతికి రావడానికి నెలలు పట్టింది. తెలియకుండా ఉండిపోయిన తూటా స్వాధీనం కాదని మన కోర్టులు చెప్పిన తీర్పులు ఉన్నాయి, నా కేసు కూడా అలాగే ముగిసింది. కానీ ఆ మాట కోర్టులో చెప్పేదాకా నేను ఉద్యోగానికి తిరిగి రాలేకపోయాను. మీ నాన్నగారు ఊరికి వెళ్లేటప్పుడు మీ జాకెట్ గానీ సంచి గానీ ఇస్తే, ప్రతి జేబూ తిరగేసి ఇవ్వండి.

ఓరుగల్లు_మిత్ర:

ఇంత చదివాక కూడా, చట్టబద్ధంగా తుపాకీ వెంట ఉంచుకునేవారిని తప్పుపట్టవద్దని కోరుతున్నాను. 2023 మే 6న డాలస్ దగ్గరి ఆలెన్‌లోని మాల్‌లో జరిగిన కాల్పుల్లో చనిపోయిన 8 మందిలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక యువ ఇంజనీరు కూడా ఉంది. మా ఇంటికి పావుగంట దూరం. ఆ వారమే నేను తరగతికి వెళ్లి లైసెన్సు తీసుకున్నాను. పర్మిట్ అక్కర్లేని రాష్ట్రంలో ఉండి కూడా ఎందుకు తీసుకున్నావని అడుగుతారు. తరగతిలో నాలుగు గంటలు కూర్చుంటే, నేను ఎక్కడ తుపాకీ తీయకూడదో తెలిసింది. పోలీసులు ఆపినప్పుడు చేతులు స్టీరింగ్ మీద ఉంచి, అడగకముందే నెమ్మదిగా చెప్పడం కూడా అక్కడే నేర్చుకున్నాను. కొన్ని రాష్ట్రాల్లో మనమే ముందుగా చెప్పాలి, కొన్నిటిలో అడిగితే చెప్పాలి, ముందే చెప్తే ఎక్కడా తప్పు లేదు.

శారద_హ్యూస్టన్:

మీ బాధ నాకు అర్థమవుతుంది. మేమూ ఆ మాల్‌కు పిల్లలతో వెళ్లినవాళ్లమే. నేను తుపాకీ వద్దని చెప్పడం లేదు. పెన్నా_తీరం గారు ఒక్కరే వెళ్తూ ఉంటే, లేదా భార్యాభర్తలిద్దరూ గ్రీన్ కార్డుదారులై వెళ్తూ ఉంటే, నా సమాధానం వేరుగా ఉండేది. ఈ కారులో నలుగురిలో ముగ్గురు తుపాకీ ముట్టకూడనివారు. గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా తుపాకీ నేరం ఏదైనా రుజువైతే దేశం నుంచి పంపించివేసే నిబంధన వలస చట్టంలో వేరుగా ఉంది. పౌరుడు జరిమానా కట్టి మరచిపోగలిగిన పొరపాటు, మీ విషయంలో వలస న్యాయమూర్తి ముందుకు వెళ్లవచ్చు. తప్పనిసరిగా తీసుకువెళ్లాలనుకుంటే తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలో, డిక్కీలో, ఆ తాళం చెవి మీ జేబులో మాత్రమే ఉండాలి. రాత్రి ఫ్రెంచ్ క్వార్టర్‌లో కారులో వదిలి గదికి వెళ్లకండి. దొంగల చేతికి చేరే తుపాకుల్లో పెద్ద భాగం ఆపిన కార్లలోనుంచే పోతున్నాయి.

పెన్నా_తీరం:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. రాత్రి మీ సమాధానాలన్నీ నా భార్యకూ బావమరిదికీ చదివి వినిపించాను. పిస్టల్ తీసుకువెళ్లడం లేదు. తోడల్లుడికి కూడా ఫోను చేసి, అతని పిస్టల్ అతని దగ్గరే ఉంచుకోమన్నాను. ఇలాంటి నియమం ఒకటి ఉందని అతనికీ తెలియదు.

ఇంకొకటి చేశాను. పోయిన నెల నేను ఊళ్లో లేనప్పుడు ఏదో కాగితం కావలసి వచ్చి, ఇంట్లోని ఇనుప పెట్టె తెరిచే నంబరు నాన్నకు ఫోనులో చెప్పాను. కాగితాలూ పిస్టలూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఈ ఉదయం ఆయన పూజలో ఉండగా నంబరు మార్చి, పాస్‌పోర్టులూ ఇంటి పత్రాలూ అన్నీ తీసి అమ్మ గదిలోని బీరువాలో పెట్టాను. ఎందుకు మార్చావని నాన్న అడిగారు. మీ వీసా కోసమని చెప్పి, కూర్చోబెట్టి శారద గారు రాసినది మొదటి నుంచి చదివి వినిపించాను.

కొల్లేటి_కొంగ:

నేనూ వచ్చే శనివారం రేంజి కార్యక్రమానికి రావడం లేదని మా టీమ్ వాళ్లకు చెప్పేశాను. కారణం అడిగితే చట్టం ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాతో పాటు రాబోతున్న మరో ఇద్దరు హెచ్-1బీ మిత్రులు ఈ చర్చ లంకె అడిగి తీసుకున్నారు.